సంచిలో పడని కానుక

ఆశీర్వాదం అయ్యాక జనం గేటు దాకా వచ్చి, ఇంకో అరగంట ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ అక్కడే నిలబడతారు. ఆ సమయానికి చర్చి వెనక గదిలో లెక్క మొదలవుతుంది. కర్ర పిడి ఉన్న మఖమల్ సంచులను బల్ల మీద బోర్లిస్తారు. ఒకరు నోట్లు విడదీస్తారు, ఒకరు చిల్లర పదేసి చొప్పున పేరుస్తారు, ఇంకొకరు కవర్లు చింపి పేరు, కారణం, మొత్తం రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. కవర్ల మీద బాల్‌పెన్నుతో రాసిన మాటలే అసలు వార్తలు. ‘మా బాబుకు ఉద్యోగం వచ్చినందుకు’. ‘అత్తమ్మ మోకాలి ఆపరేషన్ మంచిగ జరిగినందుకు’. ‘ఓనరు ఇంకో ఏడాది ఉండమన్నందుకు’. అప్పుడప్పుడు ఒకదాని మీద ‘పేరు చదవొద్దు’ అని ఉంటుంది. చివరికి ముగ్గురూ సంతకాలు పెడతారు. డబ్బు ట్రెజరర్ చేతికి, సోమవారం బ్యాంకుకు పోతుంది.

హైదరాబాద్‌లో ఒక సంఘం ఎంత ఇస్తుందో తెలియాలంటే ఆ రిజిస్టర్ చూస్తే చాలనిపిస్తుంది. కానీ అందులో ఉండేది సగమే. ఆ సంచిలో ఎన్నడూ పడని కానుకలు మిగతా సగం. గాంధీ ఆసుపత్రి వార్డుకు పది రోజులు వంతులు వేసుకుని మోసిన క్యారేజీలు, ఇంటర్ ఫీజు కట్టలేని పిల్ల చేతిలో ఎవరికీ చెప్పకుండా పెట్టిన నోట్లు, చావు ఇంటికి తెల్లారకముందే చేరిన టీ ఫ్లాస్కులు. వీటి లెక్క ఎవరూ రాయరు. అయితే రాసే లెక్కకూ రాయని లెక్కకూ బంధుత్వం ఉంది. డబ్బు ఏ పద్ధతిలో పోగవుతుందన్న దాన్ని బట్టి రెండోది నిండనూ వచ్చు, ఎండనూ వచ్చు. నగరంలో సంఘాలు పెద్దవవుతున్న ఈ రోజుల్లో ఎంత వచ్చిందన్న ప్రశ్న కంటే, ఇచ్చినవారికి పక్క బెంచీలో ఉన్నవారి సంగతి తెలుస్తోందా అన్న ప్రశ్నే పెద్దది.

తెలుగు సంఘాల్లో ఇవ్వడానికి చాలా పేర్లున్నాయి. దశమభాగం ఆదాయంలో పదో వంతు. ప్రథమఫలం మొదటి జీతం, లేదా కొత్త దుకాణం తెరిచిన రోజు గల్లా. కృతజ్ఞత కానుక ఒక మేలుకు గుర్తు. కట్టడ కానుక మందిరం కోసం. చందా పాత సంఘాల మాట. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి చోట్ల సంఘ ఎన్నికల్లో ఓటు హక్కు, పెళ్లికి కావాల్సిన ఉత్తరం, చివరికి సమాధి స్థలం దాకా చాలా విషయాలు ఆ చందా పుస్తకంతో ముడిపడి ఉంటాయి. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారం విడిగా పట్టే కానుకను బీదల నిధికి వేసే అలవాటు కూడా కొన్ని సంఘాల్లో ఉంది. ఇన్ని పేర్లలో వాదన నడిచేది మాత్రం ఒక్క దశమభాగం మీదే.

పల్లెలో వడ్ల కుప్ప కళ్లముందు ఉండేది. పది బస్తాలైతే ఒకటి పక్కన పెట్టేవారు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాడి జీతం స్లిప్పులో ఎన్నో గళ్లుంటాయి. పీఎఫ్ కోయకముందు మొత్తంలో పదో వంతా, చేతికొచ్చిన దాంట్లోనా, ఇంటి లోను ఈఎంఐ పోయాక మిగిలిన దాంట్లోనా? యౌవనస్తుల కూడికల్లో ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఎప్పుడూ రాదు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసినప్పుడు శాతం ఏమీ చెప్పలేదు. వారంలో మొదటి రోజున ఎవరికి కలిగిన కొద్దీ వారు తీసిపెట్టమన్నాడు, సణుక్కుంటూ, బలవంతంగా ఇవ్వొద్దన్నాడు. యేసు దగ్గరికొస్తే, పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ పదో వంతు లెక్కగట్టి ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవారిని గట్టిగా మందలించాడు. అలాగని ఇవ్వడం మానమనలేదు.

పాత నిబంధన దశమభాగం గురించి ప్రసంగ పీఠం మీద ఎక్కువగా వినపడేది మలాకీ మూడో అధ్యాయం. మందిరపు నిధిలోకి తీసుకురండి, ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయన్న భాగం. అంతే స్పష్టంగా ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర ఇంకో మాట ఉంది. మూడేళ్లకోసారి ఆ పదో వంతును ఊళ్లోనే ఉంచి, మందిర సేవ చేసే, భూమి లేని లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేని పిల్లలు, విధవరాలు తిని తృప్తి పొందేలా చేయాలని. ఒక ఏడాదిలో మలాకీ వాక్యం మీద ఎన్ని ప్రసంగాలు వినిపించాయో, ఈ వాక్యం మీద ఎన్ని వినిపించాయో ఏ సంఘమైనా లెక్క వేసుకుంటే, తన కానుకలు ఎటు పారుతున్నాయో తెలిసిపోతుంది. లేవీకాండం 19వ అధ్యాయంలో పరిగె సంగతి కూడా ఇలాంటిదే. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, అవి బీదలకు, పరదేశికి. పరిగె అనే మాట తెలుగు పల్లెల్లో అందరికీ తెలుసు కాబట్టి పరిగె ఏరుకుని అత్తను పోషించిన రూతు కథ మన పెద్దలకు ఎప్పుడూ దూరపు కథలా అనిపించలేదు. ఆ కథలో పొలం యజమాని బోయజు, రూతు మొదటిసారి తన పొలానికి వచ్చిన రోజున గంపెడు ధాన్యం చేతిలో పెట్టి దాతనని చెప్పుకోలేదు. ఆమె వచ్చి తన చేతులతో ఏరుకునేలా పనివాళ్లతో చెప్పి కొన్ని వెన్నులు కావాలనే జారవిడిపించాడు. తీసుకునేవారి తల వంగకుండా ఇవ్వడం ఎలాగో ఆ ఒక్క పనిలో ఉంది.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. నాలుగిళ్లలో అంట్లు తోమి నెలకు పదిహేను వేలు తెచ్చుకునే అక్కతో, ఇంట్లో అప్పులు తీరకపోవడానికి కారణం దశమభాగం ఇవ్వకపోవడమేనని చెప్పడం తప్పు. దీనికి ఆధారంగా రెండు కాసులు వేసిన బీద విధవరాలిని చూపిస్తారు. మార్కు సువార్త 12వ అధ్యాయం తెరిచి ఆ కథకు సరిగ్గా ముందున్న వాక్యం చదవాలి. విధవరాళ్ల ఇళ్లు మింగేసి, దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించే పండితుల) గురించి యేసు హెచ్చరిస్తున్నాడక్కడ. ఆ హెచ్చరిక పూర్తయిన వెంటనే ఆ విధవరాలు కానుక పెట్టె దగ్గరికి వస్తుంది. ఆమె త్యాగం ఎంత గొప్పదో, ఆమె చేతిలో రెండే కాసులు మిగలడం ఎంత పెద్ద ప్రశ్నో, రెండూ కలిపి చదివితేనే తెలుస్తుంది.

సంచిలో పడిన డబ్బు ఎటు పోతుందన్నది సంఘాన్ని బట్టి మారుతుంది. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన సీఎస్‌ఐలో పట్టణ సంఘం వసూళ్లలో కొంత డయోసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల మండలానికి, వెళుతుంది. హైదరాబాద్ సంఘాలు మెదక్ డయోసిస్ కిందివి. అయ్యగారి (పాస్టరు) జీతం ఆ సంఘం సంచి మీదే ఆధారపడి ఉండదు, బదిలీలు కూడా ఉంటాయి. నగరంలో పోగైన రూపాయి వంద కిలోమీటర్ల అవతలి పల్లె సంఘాన్ని నిలబెట్టగలగడం ఈ పద్ధతిలో ఉన్న మేలు. ఇబ్బంది కూడా అందులోనే ఉంది. ఇచ్చిన చెయ్యికి ఆ పల్లె ముఖం కనపడదు. స్వతంత్ర సంఘాల్లో దీనికి పూర్తిగా తిరగేసిన పరిస్థితి. కూకట్‌పల్లిలోనో ఎల్‌బీనగర్‌లోనో ఒక ఇంటి మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని, బయట ఫ్లెక్సీ కట్టి మొదలుపెట్టిన సంఘంలో అద్దె, కరెంటు బిల్లు, పాస్టరుగారి ఇల్లు గడవడం అన్నీ ఆ యాభై కుటుంబాల మీదే. అక్కడ ఎవరింట్లో ఏం జరిగినా అందరికీ తెలుసు. కానీ ఆ నెల వచ్చిన మొత్తం ఎంతో కొన్నిచోట్ల పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి తప్ప మూడో మనిషికి తెలియదు.

కథోలిక విచారణల్లో, అంటే ఒక ఫాదర్ చూసుకునే స్థానిక సంఘాల్లో, ఇంకో ఏర్పాటు ఉంది. పూజలో పట్టే కానుక విచారణ ఖర్చులకు పోతుంది. బీదల ఇళ్లకు వెళ్లే పని సెయింట్ విన్సెంట్ డి పాల్ సభ లాంటి మామూలు విశ్వాసుల బృందాలు చూసుకుంటాయి. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి, అతని స్నేహితులు మొదలుపెట్టిన సభ అది. దాని పద్ధతి ఇప్పటికీ మారలేదు. సాయం కోరిన ఇంటికి ఇద్దరిద్దరుగా వెళ్లాలి, కూర్చుని మాట్లాడాలి, తిరిగొచ్చి సభలో చెప్పాలి. సభ్యులు తమలో తాము వేసుకునే చందా కూడా గుట్టుగా సంచిలోనే వేస్తారు, ఎవరెంత వేశారో పక్కవారికి తెలియదు. డబ్బు కంటే ముందు మనిషి ఆ ఇంటి గడప తొక్కాలన్న ఒక్క నియమమే ఆ సభను ఇంతకాలం నడిపించింది. సికింద్రాబాద్‌లో వృద్ధాశ్రమం నడిపే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ కన్యకలది ఇంకా కఠినమైన మార్గం. 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే ఆవిడ ఒక ముసలి గుడ్డి స్త్రీని తన ఇంటికి తెచ్చుకోవడంతో మొదలైన ఆ సభ, వృద్ధుల కోసం ఇంటింటికీ, అంగడి అంగడికీ తిరిగి అడిగి తెచ్చుకునే సంప్రదాయాన్ని ఒక వ్రతంలా పాటిస్తూ వచ్చింది.

తెలుగు నేల మీద ఇవ్వడం గురించి మాట్లాడుకునేటప్పుడు మెదక్ చర్చిని పక్కన పెట్టడం కుదరదు. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ కథీడ్రల్ గోపురం ఎత్తు 175 అడుగులు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది, కట్టడానికి పదేళ్లు పట్టింది. కరువు కాలంలో చుట్టుపక్కల జనానికి కూలీ పనిగా ఆ కట్టడాన్ని మలిచారు. ఆకలితో వచ్చినవారికి ఊరికే అన్నం పెట్టే వీలున్నా, రాళ్లు మోసే పని చూపించి అన్నం పెట్టారు. ఈ రోజుకీ హైదరాబాద్ నుంచి క్రిస్మస్‌కు బస్సులు మాట్లాడుకుని వెళ్లేవారిలో చాలామందికి ఆ గోపురం ఒక విహార స్థలం. తాతో ముత్తాతో ఆ రాయి మోసిన కుటుంబాలకు మాత్రం అది తమ చేతుల కష్టం.

దాని పక్కనే చెప్పుకోవాల్సిన కథ దోర్నకల్‌ది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపారు. ఆ పని వెనక ఉన్న వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. విదేశీ డబ్బు మీద నిలబడిన సంఘానికి వెన్నెముక ఉండదని ఆయన నమ్మకం. రోజు కూలీకి పోయే దళిత విశ్వాసులు కూడా ఇవ్వగలరని, ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. పిడికెడు బియ్యం అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం, వారం చివర ఆ కుండ గుడికి తేవడం. మిజోరాంలో 1910లో మొదలైన ఇలాంటి అలవాటు ఇప్పటికీ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి పెద్ద ఆదాయం. పిడికెడు బియ్యంలో ఉన్న గుణం ఒకటే. అది పొయ్యి దగ్గర, రోజుకు రెండుసార్లు, ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. ఇవ్వడం నెలకోసారి గుర్తొచ్చే పనిగా మిగలకుండా వంటలో భాగమైపోతుంది.

నగరంలో కుండ పోయింది, బియ్యం పోయాయి. కోత పండుగ మాత్రం మిగిలింది. పొలం మొహం చూడని పిల్లలు కూడా ఆ రోజు చర్చికి ఏదో ఒకటి పట్టుకొస్తారు. బలిపీఠం ముందు చెరుకు గడలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, బియ్యం సంచులు, ఇంట్లో చేసిన కేకులు, ఆవకాయ సీసాలు, కాళ్లు కట్టేసిన నాటుకోడి. ఆరాధన అవగానే ఆవరణలో షామియానా కింద వేలంపాట. మైకు పట్టుకున్న కుర్రాడు కోడిని పైకెత్తి చూపిస్తాడు. ఐదు వందలు. ఎనిమిది వందలు. వెనకనుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి చెయ్యెత్తుతాడు, వెయ్యి. ఆయన కోడలు పక్కనుంచి చొక్కా లాగుతుంది. పదిహేను వందలకు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాడుకున్నాయన లేచి, ‘మళ్లీ పాడించు బాబూ’ అని కోడిని తిరిగిచ్చేస్తాడు. చప్పట్లు. ఆ కోడి ఇంకో రెండుసార్లు అమ్ముడుపోయి, చివరికి పాడుకున్నవారి చేతుల మీదుగా ఏ ముసలవ్వ ఇంటికో చేరుతుంది. డబ్బు దృష్టితో చూస్తే అది వసూలు పద్ధతి. కానీ ఎవరు ఈ ఏడాది పాట పాడలేదో, ఎప్పుడూ ముందు వరుసలో నిలబడే మనిషి ఎందుకు వెనక కూర్చున్నాడో గమనించే కళ్లు ఆ షామియానా కింద చాలా ఉంటాయి. మరుసటి వారం ఆ ఇంటికి ఎవరో ఒకరు వెళతారు. ఆయనకు పని పోయిందని అప్పుడు తెలుస్తుంది.

మందిరంలోని కుర్చీల వెనక, ఫ్యాన్ రెక్కల మీద రాసిన పేర్ల గురించి చాలామంది చిరాకు పడతారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ముందు ఈ పేర్లు నిలవవన్నది నిజమే. అయినా ‘మా అమ్మ జ్ఞాపకార్థం’ అని నీలం పెయింటుతో రాసిన ప్లాస్టిక్ కుర్చీని అంత తేలిగ్గా తీసిపారేయలేం. ఆ అమ్మకు శిలాఫలకం కట్టించే స్తోమత ఆ కొడుక్కి లేదు. సమాధి చోటు కూడా ఎవరో ముందు పూడ్చిన చోటే దొరికి ఉండవచ్చు, నారాయణగూడ లాంటి పాత శ్మశానాలు ఎప్పుడో నిండిపోయాయి. ఆమె పేరు నలుగురూ చదివే చోటు ఆ కుర్చీ ఒక్కటే.

అందరూ కలిసి తినడం ఇంకో పాత మార్గం. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ 1950 నుంచి నడిపిన సహవాసంలో ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమ విందు ఒక అలవాటుగా స్థిరపడింది. ఏటా జరిగే పరిశుద్ధ సభకు వేలమంది వచ్చి రోజుల తరబడి అక్కడే ఉండి తినేవారు. డబ్బు కావాలని వేదిక మీద నుంచి అడగకూడదన్నది ఆ సహవాసపు పట్టుదల. 2000 సెప్టెంబర్ 17న ఆయన చనిపోయాక కూడా ఆ ఒరవడిలో నడిచే సంఘాలు తెలుగునాట ఊరూరా ఉన్నాయి. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. నేల మీద చాపల వరుస. ఆ వరుసలో రాత్రి నుంచి ఏమీ తినని మనిషి కూర్చుంటాడు, ఇంట్లో బిర్యానీ ఉన్న మనిషీ కూర్చుంటాడు, ఎవరు ఎవరో వడ్డించేవారికి తెలియదు. బీదవాడని ముద్ర పడకుండా బీదవాడి కడుపు నిండే ఏర్పాటు ఇంతకంటే ఇంకొకటి కనపడదు. కొరింథులో కలిగినవారు ముందే తినేసి, లేనివారిని ఆకలితో వదిలేశారని పౌలు అంత కోపంగా రాయడానికి కారణం ఇదే. పెద్ద సంఘాల్లో ఇప్పుడు ఈ విందు నెలకోసారికి, తర్వాత పండుగలకు జారిపోతోంది. స్థలం, గ్యాస్ ఖర్చు, తర్వాతి ఆరాధనకు హాలు ఖాళీ చేయాల్సిన తొందర, కారణాలన్నీ న్యాయమైనవే. పోయేది మాత్రం చిన్నది కాదు.

ఇదంతా 2020 మార్చిలో ఒక్కసారిగా ఆగిపోయింది. లాక్‌డౌన్‌లో మందిరాలు మూతబడ్డాయి, జూన్ 8 తర్వాతే మళ్లీ తెరిచేందుకు అనుమతి వచ్చింది. ఆరాధన ఫోన్‌లోకి వచ్చింది, స్క్రీన్ మూలన క్యూఆర్ కోడ్ వచ్చింది. అద్దె అంతస్తుల్లోని చిన్న సంఘాలు అప్పుడు చాలా కష్టపడ్డాయి. వాటి విశ్వాసులు రోజు కూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసేవారు, వాళ్ల రాబడే ఆగిపోయింది. అదే సమయంలో బియ్యం, నూనె, పప్పు మూటలు కట్టి బస్తీలకు చేర్చింది కూడా ఎక్కువగా ఇలాంటి సంఘాలే. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు అడక్కుండానే తెలుసు.

క్యూఆర్ కోడ్ లాక్‌డౌన్‌తో పోలేదు. ఇప్పుడు బెంచీ వెనక అతికించి ఉంటుంది. దాని మేలు కాదనలేం. లెక్క స్పష్టంగా ఉంటుంది, చేతులు మారదు, అమెరికాలో ఉన్న కొడుకు కూడా తన పాత సంఘాన్ని మరిచిపోకుండా ఉంటాడు. అయితే యూపీఐలో వచ్చేది అంకె. కవరు మీద రాసే ‘అత్తమ్మ మోకాలి ఆపరేషన్’ రాదు. పాత సంఘాల్లో కృతజ్ఞత కవర్లను అయ్యగారు పైకి చదివి ప్రార్థించినప్పుడు, ఆ ఇంట్లో ఆపరేషన్ జరిగిందని సంఘమంతటికీ తెలిసేది. చదవడం అయిపోగానే ఇద్దరు ఆడవాళ్లు ఆ కుటుంబం దగ్గరికి వెళ్లి, ‘ఏ ఆసుపత్రి, మాకెందుకు చెప్పలేదు’ అని నిలదీసేవారు. ప్రార్థన మనవుల చీటీ, కృతజ్ఞత కవరు ఒకే కథకు మొదలు, చివర. వాట్సాప్ గ్రూపు కొంతవరకు ఆ చోటు తీసుకుంది. నిమ్స్‌లో ఓ నెగెటివ్ రక్తం కావాలన్న మెసేజీకి పది నిమిషాల్లో జవాబొస్తుంది. కానీ నోరు తెరిచి అడగలేని ఇంటి సంగతి గ్రూపులో పడదు. దానికి మనిషి కావాలి. అందుకే క్యూఆర్ పెట్టిన సంఘం కవర్లు కూడా ఉంచాలి, చదవడం కూడా ఉంచాలి. ఇది పాతదనం మీద మమకారంతో అంటున్న మాట కాదు, సమాచారం అందే దారి అదొక్కటే.

పక్కవారి సంగతి తెలియడానికి నగరంలో మిగిలిన బలమైన చోటు ఇంటి కూడిక. గురువారమో శుక్రవారమో రాత్రి ఏడున్నరకు, ఒక ఇరుకు హాల్లో టీవీ మీద తువ్వాలు కప్పి, మంచం నిలబెట్టి, ఇరవై మంది కూర్చుంటారు. రెండు కీర్తనలు, ఒక వాక్యం, సాక్ష్యాలు, టీ, బిస్కెట్లు. చెప్పులు వేసుకుంటున్నప్పుడు గుమ్మం దగ్గర ఒకరు ఇంకొకరితో గొంతు తగ్గించి మాట్లాడే రెండు నిమిషాలే ఆ కూడికలో అతి విలువైనవి. ఫీజు సంగతి, తాగి కొట్టే భర్త సంగతి, తాకట్టులో ఉన్న పుస్తెలతాడు సంగతి బయటపడేది అక్కడే. ఈ పని నడిపేది దాదాపు అంతటా ఆడవాళ్లు. స్త్రీల మైత్రి, స్త్రీల సమాజం, పేరేదైనా క్యారేజీల వంతులు వేసేది వాళ్లే. సంఘ కమిటీల్లో, లెక్క చూసే బల్ల దగ్గర మాత్రం వాళ్లు ఇంకా తక్కువ. అవసరం తెలిసిన చేతికి డబ్బు మీద మాట లేకపోవడం చాలా సంఘాల్లో ఉన్న పెద్ద లోపం.

ఫీజు సాయం సంఘాల్లో ఇంత ఎక్కువగా ఎందుకు అడగాల్సి వస్తుందన్నదానికి ఒక చట్టపరమైన కారణం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారికి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ మాత్రం ఉంది. నగరంలోని బెంచీల్లో కూర్చునేవారిలో ఎక్కువమంది ఈ కుటుంబాలవారే. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ (కథోలిక సంఘంలో పోపు తర్వాతి స్థానం) అయినప్పుడు, తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ వార్త విని బస్తీల్లో కళ్లు తుడుచుకున్నవారికి దాని విలువ ఎవరూ వివరించనక్కరలేదు. విదేశీ స్పాన్సర్లు పిల్లల చదువుకు డబ్బు పంపే ఏర్పాటూ సన్నగిల్లింది. విదేశీ విరాళాల నిబంధనలు బిగిశాక కంపాషన్ అనే సంస్థ 2017 మార్చిలో దేశంలో తన పని ముగించింది. స్పాన్సర్ ఆంటీకి ఉత్తరం రాయడం నేర్చుకున్న పిల్లల ఫీజు భారం ఆ తర్వాత చాలావరకు స్థానిక సంఘాల మీద పడింది. అజరయ్య వందేళ్ల కిందట చెప్పిన మాట ఇప్పుడు అవసరమై వచ్చి కూర్చుంది.

పన్ను సంగతి క్లుప్తంగా. సంఘానికిచ్చిన దశమభాగానికి మామూలుగా ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ఆ వెసులుబాటు ఒక మతానికే పరిమితం కాని ధర్మకార్యాల సంస్థలకు. అక్కడ కూడా 2,000 రూపాయలు మించిన నగదుకు వర్తించదు, కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవారికి అసలే లేదు. పేరు లేని విరాళాల మీద ధార్మిక సంస్థలకు పన్ను వేసే చట్టం, పూర్తిగా మతపరమైన సంస్థలను మాత్రం వదిలేసింది. అంటే పేరు రాయని సంచికి చట్టం కూడా చోటిచ్చింది. సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే 2001 చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ కాగితం మీద పేర్లుగా ఉంటే లాభం లేదు, లెక్క చూడాలి. పౌలు యెరూషలేము బీదలకోసం చందా పోగుచేసినప్పుడు తానొక్కడే పట్టుకుపోలేదు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు నమ్మిన సహోదరులను కూడా పంపుతున్నట్టు రాశాడు. అపొస్తలుడికే ఆ జాగ్రత్త అవసరమైంది. దైవజనుడిని లెక్క అడగడం అవిశ్వాసమన్న వాదన ఆ పత్రిక ముందు నిలవదు.

సంఘం గోడ దాటి ఇచ్చే విషయంలో ఇంకో జాగ్రత్త ఉండాలి. ఉస్మానియా, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రుల గేట్ల దగ్గర రోగుల బంధువులకు అన్నం పొట్లాలు పంచేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు, చర్చి యువకులూ ఉన్నారు. పొట్లంతో పాటు కరపత్రం పెట్టే అలవాటు మానుకోవాలి. ఆకలిగా ఉన్నవాడు కాదనలేడు, కాదనలేనివాడి చేతిలో పెట్టిన కాగితం సువార్తకు గౌరవం కాదు. గలతీయులకు రాసిన పత్రికలో అందరికీ మేలు చేయమన్న మాట ముందు వచ్చి, విశ్వాస గృహానికి చేరినవారి ప్రస్తావన తర్వాత వచ్చింది. ఆ వరుస ఆసుపత్రి గేటు దగ్గర గుర్తుంటే చాలు.

రాయని లెక్క మొత్తం ఒకేచోట కనపడేది చావు ఇంట్లో. అర్ధరాత్రి ఫోను వస్తుంది. తెల్లారేసరికి చర్చి స్టోరు గది తాళం తీసి కుర్చీలు ఆటో ట్రాలీలో ఎక్కిస్తారు, వెనక పేర్లు రాసినవే. సమాధి చోటు కోసం ఇద్దరు పెద్దలు శ్మశాన కమిటీ దగ్గరికి వెళతారు. చందా మూడేళ్లుగా బకాయి ఉందని తెలిస్తే వారిలో ఒకరు జేబులోంచి తీసి కట్టేసి, రసీదు మడిచి పెట్టుకుంటారు, ఇంటివాళ్లకు చెప్పరు. పెట్టె, బండి, పూలు, బయటి ఊరినుంచి వచ్చే బంధువులకు మధ్యాహ్నం అన్నం. వంటగదిలో ఎవరి గిన్నె ఎవరిదో తెలియకుండా కలిసిపోతుంది. భూస్థాపన అయ్యాక, ఆదరణ కూడిక రోజు అదే ఆడవాళ్లు మళ్లీ వచ్చి గిన్నెలు వేరుచేసుకుంటూ, ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఆమె దగ్గర వారంపాటు రాత్రి ఎవరు పడుకోవాలో వంతులు మాట్లాడుకుంటారు.

నెల తర్వాత ఒక ఆదివారం ఆ కుటుంబం నుంచి ఒక కవరు వస్తుంది. వెనక గదిలో బల్ల దగ్గర దాన్ని చింపి, పేరు, కారణం, మొత్తం రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. కృతజ్ఞత కానుక, ఐదు వందలు.